అందుకునేవాళ్లు లేని యాత్రకీర్తన

ఎలియాజరు చదివింది నడిమిపాలెం మిషను బడిలో. అయితేనేం, ఏడో తరగతికే బైబిలు కంఠత వాక్యాల పోటీలో మండలం మొత్తానికి మొదటివాడు. పదో తరగతిలో లెక్కల్లో వాడిని మించినవాడు లేడు. బహుమతిగా వచ్చిన స్టీలు గ్లాసులతోనే వాళ్లింట్లో చుట్టాలకు మంచినీళ్లిచ్చేవారు. వీటన్నిటికీ మించిన గౌరవం ఇంకొకటుంది. పన్నెండేళ్లకే వాడు ఊరి యాత్రకు ముందు నడిచాడు.

పూర్వం యూదులు పండుగలకు యెరూషలేము కొండ ఎక్కుతూ పాడుకున్నవి యాత్రకీర్తనలు, మొత్తం పదిహేను. నడిమిపాలెంలో కోతల పండుగనాడు కొత్త వరికంకులు పట్టుకుని, ఆ పదిహేనూ పాడుకుంటూ గుట్టమీది చర్చికి ఎక్కేవారు. ముందు నడిచేవాడు చరణంలో మొదటి సగం ఎత్తుకుంటాడు. రెండో సగం వెనకున్న ఊరంతా అందుకుంటుంది. అంతదాకా ముందు నడిచిన వాళ్ల తాత గొంతు పోయాక ఎత్తుకునే పని ఎలియాజరుకు వచ్చింది. వెనకవాళ్లు అందుకునేంతసేపూ వాడు ఊపిరి తీసుకునేవాడు, రాళ్లు చూసుకుని అడుగు వేసేవాడు, రాబోయే చరణం తలుచుకునేవాడు.

2008లో అకౌంటింగ్ చదవడానికి సిడ్నీ వచ్చి బ్లాక్‌టౌన్‌లో ఒక గదిలో సగం అద్దెకు తీసుకున్నాడు. యూనివర్సిటీలో వాడి పేరు ఎవరికీ నోరు తిరగలేదు. సూపర్‌మార్కెట్‌లో ట్రాలీలు తోసే పనిలో పేరుతో అవసరమే రాలేదు. వారాలు గడిచినా పూర్తి పేరుతో వాడిని పిలిచిన మనిషి లేడు. స్టేషన్ నుంచి ఇంటికి కాస్త ఎత్తు. ఆ దారిలో మాత్రం గొంతెత్తి పాడుకునేవాడు. సగం పాడి, అలవాటు కొద్దీ ఆగేవాడు. ఆ ఖాళీలో కార్లు పోయేవి.

గదిలో ఉండే కరీంనగర్ కుర్రాడు అఖిల్ ఒకనాడు అడగనే అడిగాడు. "ఏందన్నా, సగం పాడి ఆగుతవ్? నడుమ యాడ్స్ వస్తయా?"

"వెనకాల జనం పాడాలిరా."

అఖిల్ వెనక్కి తిరిగి చూశాడు. "యాడున్నరు?"

ఎలియాజరు నవ్వేశాడు గానీ ఆ పూట అన్నం సయించలేదు.

దగ్గర్లోని గిరావీన్‌లో ఒక అద్దె హాల్లో తెలుగు క్రైస్తవులు ఆదివారాలు కూడుకునేవారు. వాళ్లకు పెద్ద ఫ్రాంక్లిన్ అంకుల్, కాకినాడ మనిషి. కోతల పండుగ దగ్గరపడితే, "బాబూ, ఏమైనా స్పెషల్ సాంగ్ వచ్చా?" అన్నాడు.

"యాత్రకీర్తనలు పదిహేనూ బైహార్ట్ అంకుల్. పన్నెండేళ్లప్పటి నుంచీ నేనే లీడ్!"

పండుగనాడు నిలబడి రెండో కీర్తన ఎత్తుకున్నాడు. హాలు మారుమోగింది. సగం దగ్గర ఆగాడు. ఎవరూ అందుకోలేదు. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ ఆగాడు. ముందు వరసలో ఒక పిల్ల, "మమ్, డిడ్ హీ ఫర్గెట్ ఇట్?" అంది. సరే, ఆ సగం తనే పాడేద్దామని నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఏళ్ల తరబడి వీపు వెనక మోగిన మాటల్లో ఒక్కటీ నాలుకమీదికి రాలేదు.

"పోన్లే బాబూ, ఎగ్జామ్స్ టెన్షన్," అని ఫ్రాంక్లిన్ అంకుల్ మైకు అందుకున్నాడు. ఎలియాజరు భోజనాలకు ఆగలేదు. ఊరి నుంచి తనదంటూ తెచ్చుకున్నది ఆ పాట ఒక్కటే. అదీ తన దగ్గర సగమే ఉందని రైల్లో కూర్చున్నాక తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం బ్లాక్‌టౌన్ ప్లాట్‌ఫాం మీద నుంచి ఊరికి ఫోను చేశాడు. యాత్రలో ఎప్పుడూ వాడి వెనకే నడిచే సువార్తమ్మ పెద్దమ్మకు.

"పెద్దమ్మా, రెండో కీర్తనలో మీరు పాడే సగం చెప్పవా?"

"ఊరికే చెప్పమంటే ఎట్టా వస్తదిరా? నువ్వు ఎత్తుకో, నేను అందుకుంటా."

"ఇక్కడ జనం ఉన్నారు పెద్దమ్మా, రైల్వే స్టేషన్."

"ఉంటే? గుట్టమీద లేరా జనం? ఎత్తుకోరా, పొయ్యిమీద కూర మాడుతుంది!"

చెవికి ఫోను ఆనించుకుని ఎలియాజరు ఎత్తుకున్నాడు. బెంచీమీదున్న ముసలాయన పేపరు దించి చూశాడు. పాట ఊరికి చేరి, తిరిగి రావడానికి కొంచెం ఆలస్యమైంది. వచ్చింది. సువార్తమ్మ గొంతు, ఆమె వెనక ఇంకెవరివో గొంతులు. వాడు నోరు మూసుకుని విన్నాడు. ఆ చరణంలో తన సగం అడగడమే, సహాయం ఎక్కడి నుంచి వస్తుందని. కాపాడేవాడున్నాడని చెప్పే సగం వెనకవాళ్లది. ఏనాడూ వాడు దాన్ని చెవిపెట్టి వినలేదు.

"ఏరా ఎలియాజరూ, ఆపేశావే?" అంది పెద్దమ్మ.

"వింటున్నా పెద్దమ్మా."

పై ఆదివారానికి ఆ సగం కంఠత పట్టి, ఫ్రాంక్లిన్ అంకుల్ దగ్గరికి వెళ్లి, "ముందు సగం మీరు ఎత్తుకోండి అంకుల్, నేర్పిస్తా. రెండోది నేను అందుకుంటా," అన్నాడు.

"అదేంటి, లీడ్ నువ్వే కదా?"

"ఇక్కడ లీడ్‌కు కొదవ లేదంకుల్, అందుకునేవాళ్లకే."

ఈనాడు గిరావీన్‌లో పదిహేనూ పాడుతున్నారంటే అది ఎలియాజరు చలవే, కాదనేవాడు లేడు. ఆ మొదటి రోజు మాత్రం ఫ్రాంక్లిన్ అంకుల్ ఎత్తుకుని ఆగినప్పుడు, హాల్లో చిట్టచివరి వరస నుంచి అందుకున్నది ఒక్క గొంతే. ఊరంతా పాడాల్సిన సగాన్ని వాడొక్కడే, కళ్లు మూసుకుని, చివరిదాకా పాడాడు.