రాజన్న జమ చేసిన తుపాకి

కోర్పనా దాటాక రాష్ట్ర సరిహద్దున ఉన్న తెలుగువాళ్ల ఊరి బడి ముందు జీపు మమ్మల్ని దింపింది. మాఘమాసపు ఎండ. నల్లరేగడి పగుళ్లిచ్చింది. సిమెంటు లారీల దుమ్ము జొన్న ఆకుల మీద తెల్లగా పేరుకుంది. మేం ముగ్గురం: హవల్దార్, వైర్‌లెస్ ఆపరేటర్, హోంగార్డుగా నేను. తెలుగు వచ్చనే నన్ను చంద్రపూర్ నుంచి పంపారు. ఊరికి ఎస్టీడీ బూత్ అప్పుడే కొత్తగా వచ్చింది.

ఆజ్ఞ చిన్నది. ఎన్నికలు ముగిసేదాకా లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో జమ కావాలి. పక్క ఊళ్లో గట్టు తగాదాలో ఒకడు సొంత తమ్ముణ్ని పంట కాపలా తుపాకితో కాల్చేశాడు. అందుకే ఆజ్ఞ నాకు న్యాయంగానే తోచింది.

ఇల్లిల్లూ తిరిగి చెప్పడం నా పని. నాకు గట్టిగా మాట్లాడటం రాదు. అందుకేనేమో ఆడవాళ్లు లోపలికి పిలిచి చాయ్ ఇచ్చేవారు.

రాజన్న జొన్న చేను అడవి అంచున ఉంది. తుపాకి వాళ్ల నాన్న నాటిది.

"ఏంది బిడ్డా, మా తుపాకి గూడ ఓటేస్తదా?" అని నవ్వాడు.

"రూలు కాకా. అందరూ ఇయ్యాలె."

"గీ రూలు పందులకు ఎరుకనా? నేను సంపుత లేను. మీదికి ఒక్కటి పేలిస్తే ఉరుకుతయి. కంకి గట్టిపడే యాళ్ల ఇది."

"పిల్ల మీద గరమైతవేంది?" అంది ఆయన భార్య లచ్చక్క. "మన తెలుగు పిల్ల. మోసం జేస్తదా?"

ఫలితాల మర్నాడే తిరిగి ఇస్తామని హవల్దార్ నాతో అన్నాడు. అదే మాట రాజన్నకు చెప్పాను. ఆయన తుపాకిని పాత ధోవతిలో చుట్టి నా చేతికే ఇచ్చాడు.

పోలింగ్ ప్రశాంతంగా జరిగింది. ఫలితాలు వచ్చాయి. తుపాకులు రాలేదు. వైర్‌లెస్‌లో అడిగించాను.

"పైనుంచి చెప్పేదాకా ఆగమంటున్నారు," అన్నాడు ఆపరేటర్. "మళ్లీ అడగమనకు తాయీ. నాకు తిట్లు పడుతున్నాయి."

ఒక పొద్దున రాజన్న నన్ను చేనుకు తీసుకెళ్లాడు. పందులు తొక్కిన జొన్న నేలకు పరుచుకుని ఉంది. లచ్చక్క రేకు డబ్బా కొట్టీ కొట్టీ చేతులు బొబ్బలెక్కించుకుంది.

ఆ సాయంత్రమే గెలిచిన నాయకుడి ఊరేగింపు. బందోబస్తు మాది. నాయకుడి పక్కన జీపు మీద నిలబడి ఊరి కాంట్రాక్టరు గాల్లోకి రైఫిల్ పేల్చాడు.

"ఆయన జమ చేయలేదా?" అని హవల్దార్‌ను అడిగాను.

"ఆయనకు మినహాయింపు. ప్రాణభయం ఉందట."

"ఎప్పుడిచ్చారు?"

"మనం ఇక్కడికి రాకముందే."

అంటే, నాతో గడపగడపకూ "అందరూ" అనిపించిన రోజే వాళ్లకు తెలుసు.

వారానికి చంద్రపూర్ తిరిగి వచ్చాను. ఖాకీ మళ్లీ వేసుకోలేదు. తుపాకులు జమ చేయమనడం తప్పని ఇప్పటికీ అనను. అక్కడ ఒక తమ్ముడు చచ్చిపోయాడు. కానీ కాంట్రాక్టరు భయానికి రైఫిల్ మిగిలింది, రాజన్న భయానికి రేకు డబ్బా మిగిలింది. ఆ తేడాను మోసుకెళ్లడానికి వాళ్లకు తెలుగు వచ్చిన గొంతు ఒకటి కావలసి వచ్చింది.

ఒక్కటి మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. ఆ ఊరేగింపులో రైఫిల్ పేలినప్పుడల్లా జనం తలలెత్తి చూశారు. రాజన్న ఎత్తలేదు. నన్నే చూస్తూ నిలబడ్డాడు. జీపుకు దారి వదలమని నేను పట్టుకున్న లాఠీ ఆయన ఛాతీకి అడ్డంగా ఆనుకుని ఉంది.