ఖాళీ బ్యాటరీ

ఏడో తరగతి నేను మూడేళ్లు చదివాను. అంత క్షుణ్ణంగా చదివినవాడు ఆదోనిలో ఇంకొకడు ఉండడు. ఆ మూడేళ్లలో ఏ పాఠంలోనూ దయ్యం తగల్లేదు కాబట్టి అలాంటిది లేదనే తీర్మానించుకున్నాను. రేడియో రిపేరు నేర్చుకున్నాక ఆ తీర్మానం ఇంకా గట్టిపడింది. పలకని డబ్బా విప్పితే తెగిన తీగ ఉంటుంది గానీ దయ్యం ఉండదు. ఎవరైనా దయ్యం మాట విన్నామంటే "ఏ బ్యాండు మీద?" అని అడిగేవాణ్ణి. ఇప్పుడు నేనే ఇది రాస్తున్నాను. మీరూ అడగండి, తప్పులేదు.

ఎనభైల మొదట్లో సంగతి. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఖాదరన్నకు హాం రేడియో పిచ్చి. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాడు. బావమరిది దుబాయి నుంచి తెచ్చిన చేతి సెట్టు ఒకటి ఉండేది. ఇటుకరాయంత ఉంటుంది, వినడానికీ మాట్లాడడానికీ అదే. మిద్దె మీద వెదురుబొంగుకు ఏరియల్ కట్టి, ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఈరన్నతో మాట్లాడేవాడు. ఈరన్నకూ లైసెన్సు ఉంది. సెట్టు విప్పేది, బిగించేది నేను. మాట్లాడే మీట నొక్కడానికి మాత్రం నాకు హక్కు లేదు.

ఆ ఏడు వానల్లో అది ఆటవస్తువు కాకుండా పోయింది. ఖాదరన్న కూతురు నూర్జహాన్‌ను ఇచ్చింది ఎమ్మిగనూరికే. రెండో కాన్పు. మొదటి కాన్పులో రక్తం బాగా పోయి చావు దాకా వెళ్లివచ్చింది. ఆమెది దొరకని గ్రూపు. ఇంటివాళ్లందరిలో తండ్రి రక్తం ఒక్కటే కలిసింది. ఈసారి తండ్రి దగ్గరుండాలని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆయన బయలుదేరేలోపే వాన పట్టుకుంది. దారిలో వంక పొంగి బస్సులు ఆగిపోయాయి, టెలిఫోను తీగలు తెగిపోయాయి. నొప్పులు వచ్చినా, వంక తగ్గినా ఈరన్నే చెప్పాలి. అంటే సెట్టు పొద్దస్తమానం ఆన్‌లో ఉండాలి.

చిక్కంతా అక్కడే. సెట్టు అడుగున తగిలించే బ్యాటరీ రోజంతా రాదు. ఛార్జర్‌కు తగిలించి వదిలేద్దామంటే, నిండాక కూడా కరెంటు తాగుతూనే ఉంటుంది, కాగి ఉబ్బిపోతుంది. అలా ఒకదాన్ని ఖాదరన్న అప్పటికే చంపాడు. మిగిలింది ఒక్కటి. అదీ పోతే బొంబాయి నుంచి రావాలి.

నేను మంచి బ్యాటరీని ఊడదీసి నా అంగట్లో దాచాను. చచ్చినదాని లోపలి సెల్లులన్నీ తీసేసి, ఆ డొల్లకు రెండు తీగలు అతికించి సెట్టుకు తగిలించాను. తీగల రెండో కొస కిటికీలోంచి కిందికి దించి, వరండాలో పెట్టిన లారీ బ్యాటరీకి పట్టించాను. పన్నెండు వోల్టులు సెట్టుకు ఎక్కువని మధ్యలో మూడు డయోడ్లు వేసి తగ్గించాను. లారీ బ్యాటరీ పక్కింటి డ్రైవరు ఎల్లప్పది. వానకు బండి కదలడం లేదని ఇచ్చాడు. ఇక సెట్టు ఎంతసేపైనా మేలుకుని ఉంటుంది, మంచి బ్యాటరీకి చెరుపు లేదు. సెట్టుకు తగిలించిన డొల్లకు మేము ఖాళీ బ్యాటరీ అని పేరు పెట్టుకున్నాం. ఖాళీ బ్యాటరీ వదులైందా, ఖాళీ బ్యాటరీ కదిలిందా, ఇంట్లో ఎప్పుడూ అదే మాట.

ఖాదరన్న ఒకచోట కూర్చోలేదు. మెట్లు ఎక్కేవాడు, దిగేవాడు, సగంలో ఆగి మళ్లీ ఎక్కేవాడు. ఎవరూ మాట్లాడనప్పుడు వచ్చే బుసను నేను మీట తిప్పి మూసేశాను కాబట్టి సెట్టు మూగగా ఉండేది. అది ఆయనకు పడేది కాదు. "బతికే ఉందా అది, ఉరుకుందూ?" అని నన్ను పేరు పెట్టి అడిగేవాడు. నేనేదో జోకు వేసేవాణ్ణి. నవ్వేవాడు కాదు. నిజానికి నాకూ కాలు నిలిచేది కాదు. చూసిన అతుకే మళ్లీ మళ్లీ చూసేవాణ్ణి.

ఆ రోజు వాన తెరిపి ఇచ్చింది. సాయంత్రం అసర్ నమాజుకు ఖాదరన్న మసీదుకు పోయాడు. మిద్దె గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. సెట్టు పలికింది. ఈరన్న గొంతు, గరగర కూడా లేకుండా.

"ఖాదరన్నా, నూర్జహాన్‌కు నొప్పులు ఎత్తుకున్యాయి. రక్తం పోతాంది. వంక తగ్గింది, ట్రాక్టర్ దాటుతాది. ఇప్పుడే బయల్దేరు, నీళ్లు మళ్లా వస్తాయేమో."

హక్కు సంగతి మరిచిపోయి మీట నొక్కాను. "విన్యానన్నా, పంపిస్తాండా" అన్నాను. ఉరుకుందు అన్న నా పేరుకు తగ్గట్టు మసీదు దాకా ఉరికాను.

ఖాదరన్న ట్రాక్టర్ మీద పోయాడు. ఆయన దాటిన కాసేపటికే వంక మళ్లీ పొంగిందని తరవాత తెలిసింది. ఆయన రక్తం ఎక్కించాకే నూర్జహాన్ దక్కింది. మగబిడ్డ.

ఆయన్ను ట్రాక్టర్ ఎక్కించి, ఈరన్న ఇంకేమైనా చెబుతాడేమోనని నేను మిద్దెకు తిరిగొచ్చాను. సెట్టు మీద దీపం లేదు. మీట తిప్పితే బుస కూడా రాలేదు. తీగ పట్టుకుని కిందికి దిగాను. గోడ పక్కన రెండు క్లిప్పులు గాల్లో వేలాడుతున్నాయి. లారీ బ్యాటరీ లేదు.

ఖాదరన్న తల్లిని మేమంతా జేజి అనేవాళ్లం. ఆమె వరండాలోనే కూర్చుని ఉంది. ఎల్లప్ప వచ్చి అడిగితే తనే ఇచ్చానంది. "ఖాళీ బ్యాటరీ, ఖాళీ బ్యాటరీ అని మీరే గదప్పా అంటాండేది. ఖాళీదాంతో మీకేం పని, తీసుకపోనీలే అంటి."

ఎప్పుడు ఇచ్చావని అడిగాను. మసీదులో జొహర్ అజా వినిపిస్తుంటే ఇచ్చిందట. అంటే మధ్యాహ్నమే. వాన తెరిపి ఇచ్చిందని వంకకు ఇవతలి పెద్దకడుబూరుకు బండి తోలుకుపోయిన ఎల్లప్ప తిరిగొచ్చాక అతన్నీ అడిగాను. అదే చెప్పాడు. సెట్టు పలికిన వేళకు ఆ బ్యాటరీ పెద్దకడుబూరులో, లారీలో ఉంది.

కండెన్సర్లలో మిగిలిన కరెంటు అంటారా, అది రెప్పపాటు నిలుస్తుంది, పూటంతా కాదు. మంచి బ్యాటరీ వేసి మరిచావేమో అంటారా, అప్పటికప్పుడు అంగడికి పోయి చూశాను. తాళం వేసిన పెట్టెలో పెట్టింది పెట్టినట్టే ఉంది, తాళంచెవి నా మొలతాడుకే ఉంది. కునుకు తీసి కలగన్నావేమో అంటారా, వంక తగ్గిన సంగతి నా కలకు ఎవరు చెప్పారు?

దారులు తెరిచాక ఈరన్న ఆదోనికి వచ్చాడు. ఆయన అన్న మాటలు, నేను విన్న మాటలు ఒకటే. అంతకంటే వింత సంగతి ఇంకొకటి ఉంది. నా జవాబు ఆయనకు వినిపించింది.

"నీ గొంతే గదప్పా. లైసెన్సు లేనోడు నొక్కినాడే అని అప్పుడే అనుకొంటి" అన్నాడు.



ఆ సెట్టు తరవాత చాలా ఏళ్లు పనిచేసింది. ఎవరూ లేనప్పుడు తీగ ఊడదీసి, దాన్ని చెవికి ఆనించుకుని ఎన్నోసార్లు కూర్చున్నాను. చప్పుడు లేదు. ఎలా పలికిందో నాకు ఈ రోజుకూ తెలియదు.

నూర్జహాన్ బిడ్డను ఎత్తుకుని పుట్టింటికి వచ్చినప్పుడు, జేజి ముందు కూర్చుని డయోడ్లతో సహా అంతా విడమరిచి చెప్పాను. బ్యాటరీ లేనిది ఎట్లా మాట్లాడతాది జేజీ, నువ్వే చెప్పు అన్నాను. ఆమె మునిమనవణ్ణి ఒళ్లో సర్దుకుంటూ నా వైపు చూసింది.

"నీకు యా బ్యాటరీ కట్టినారని ఇంతసేపు మాట్లాడతాండావప్పా?"