కోటయ్య తాతకు నేను నెల రోజులు గడువు పెట్టిన వైనం

నేను ఒకసారి ఒక మనిషిని చంపబోయాను. కత్తి లేదు, కోపం లేదు. చేతిలో ఒక నోటుపుస్తకం, మనసులో బోలెడంత ఆసక్తి, అంతే. నరసరావుపేటలో, నడి వేసవిలో, మిట్టమధ్యాహ్నం, ఆయన ఇంటి అరుగు మీదే కూర్చుని ఆ పని చేశాను. ఆయన చావలేదు కాబట్టి ఇప్పుడు నవ్వుతూ చెప్పగలుగుతున్నాను. మీరూ నవ్వండి. కాకపోతే కాస్త నెమ్మదిగా. ఆయన కోడలు అంజమ్మ పిన్ని ఇప్పటికీ మా వెనక వీధిలోనే ఉంటుంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. పగలు సెల్‌ఫోన్ల దుకాణంలో పగిలిన స్క్రీన్లు మార్చేవాణ్ని. సాయంత్రాలు ఊళ్లోని నాటక సమాజంలో వేషాలు వేసేవాణ్ని. ఆ ఏడాది మా దర్శకుడు సాంబయ్య మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. మే నెలంతా శని, ఆదివారాల్లో నాలుగు నాటికలను మార్చి మార్చి ఆడాలి. నాలుగూ చావు గురించే. చావంటే ఏడుపులు కాదు, పోయేలోపు మనిషి ఎలా బతికితే బతికినట్టు అన్నది విషయం.

"ఈ ఎండల్లో చావు గురించి ఎవరు చూస్తారు మాస్టారూ?" అని అడిగాం.

"ఈ ఎండల్లోనే కదరా జనానికి దాని మీదికి ఆలోచన పోయేది" అన్నారాయన.

మొదటి నాటికలో నెల రోజుల్లో పోబోయే ముసలాయన వేషం ఉంది. అందరి ఇళ్లల్లోనూ అమ్మలు అడ్డం పడ్డారు, అలాంటి వేషం వేస్తే అరిష్టమని. మా అమ్మ ఆ వారం ఊళ్లో లేదు. వేషం నాకొచ్చింది.

నా నటన ఎలా ఉండేదంటే, మాటకొక దగ్గు, దగ్గుకొక మూలుగు. చెడిపోయిన ఆటో స్టార్టు చేస్తున్నట్టు ఉండేది. రిహార్సళ్ల మూడో రోజు మాస్టారు చేతిలో కాగితాలు కింద పెట్టారు.

"ఒరేయ్ శీనూ, నువ్వు పోతున్నట్టు లేదు, మాచర్ల బస్సు కోసం చూస్తన్నట్టుంది. ఆ దగ్గు తగ్గించు. పోయి ఎవరన్నా పెద్దాయన దగ్గర కూర్చో. ఆ వయసులో మనిషికి ఏం కావాలనిపిస్తదో అడుగు."

నిజానికి నాకూ ఆ ప్రశ్న బుర్రలో తిరుగుతూనే ఉంది. రోజులు లెక్కకు వచ్చాక మనిషి ఏం కోరుకుంటాడు? కోటయ్య తాత గుర్తొచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లు నాపరాళ్ల లారీ నడిపినవాడు. పైగా ఆయనకు చేయించిన పరీక్షల రిపోర్టులు ముందురోజే ల్యాబు నుంచి నేనే తెచ్చి ఇచ్చాను. గుండె బాగుంది, షుగరూ బీపీ అదుపులో ఉన్నాయని ల్యాబతను చెప్పిన మాట తాతకు చెప్పాను. ఇంట్లో పెత్తనమంతా కోడలు అంజమ్మ పిన్నిదని తెలిసి కూడా, ఆమెకు చెప్పడం మర్చిపోయాను. కథంతా ఈ మరుపులోనే ఉంది.

అరుగు మీద మంచంలో తాత రాగిజావ తాగుతున్నాడు. తాగుతున్నాడనడం కంటే దానితో పోట్లాడుతున్నాడనడం నయం.

"తాతా, నాటకం కోసం ఒకటి అడుగుతా. ఇంకో నెల రోజులే ఉన్నాయనుకో. ఏం కావాలనిపిస్తది?"

ఆయన గ్లాసు పక్కన పెట్టి నవ్వాడు. ప్రశ్న బాగా నచ్చినట్టుంది.

"కొత్తావకాయ కలిపిన వేడన్నం. మీద గరిటెడు నెయ్యి. తర్వాత మూడు చెంచాల పంచదారేసిన టీ. ఆ తర్వాత లారీ ఎక్కి, అద్దం దించుకోని, కారంపూడి రోడ్డున ఒక్కసారి పోవాల."

"భయం వేయదా?"

ఆయన మూతికంటిన జావ తుడుచుకున్నాడు. "భయమేందిరా. అదేందో చూడాలనే ఉంది. తొందరేం లేదు."

ఈ మాట అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. గొప్ప నటుణ్ని అయిపోయాననుకుంటూ లేచాను. గేటు దగ్గర అంజమ్మ పిన్ని పట్టుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వంటింట్లో ఉల్లిపాయలనుకున్నాను.

"నిజం చెప్పు అబ్బాయ్. ఎన్నాళ్లు?"

నాటకం గురించనుకున్నాను. "నెలాఖరు దాకా పిన్నీ. ఆఖరి ఆదివారంతో అయిపోద్ది."

ఆమె గేటు పట్టుకుంది. "బాధ ఉంటదా?"

"దగ్గొకటే ఇబ్బంది. దాన్ని తగ్గించమన్నారు."

"మామయ్యకి తెలుసా?"

"అంతా చెప్పే అడిగాను పిన్నీ. నవ్వాడు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. మా నాటకాల మీద ఈమెకు ఇంత అభిమానం ఉందా అని ఆశ్చర్యపోతూ నేను దుకాణానికి వెళ్లిపోయాను.

మర్నాడు కారంపూడి నుంచి తాత తమ్ముడు దిగాడు. ఆ మర్నాడు నూజెండ్ల నుంచి కూతురు, జాడీడు కొత్తావకాయతో. ఏడాదిగా ఉప్పు లేని పప్పు వండిన ఆ ఇంట్లోంచి తాలింపు వాసన మా దుకాణం దాకా వచ్చింది. బెంగుళూరు లోడుకు వెళ్లిన కొడుకు లారీ తిప్పుకుని వచ్చేశాడు. తండ్రిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కారంపూడి దాకా తీసుకెళ్లి తెచ్చాడు. లారీ దిగిన తాత పెళ్లికొడుకులా మెరిసిపోతున్నాడని వీధంతా చెప్పుకున్నారు.

నేనేం చేశాను? ఇదంతా నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఈ కుటుంబంలో ఎంత ప్రేమ అని కింద గీత కూడా గీశాను. ఇంతటి తెలివి ఉన్న నాకు జనం ఫోన్లు బాగుచేయమని ఎలా ఇచ్చారో నాకిప్పటికీ అర్థం కాదు.

శనివారం సాయంత్రం కల్యాణ మండపంలో మొదటి ప్రదర్శన. నాటకం చూడాలని తాత పట్టుబట్టాడట. ఆయన కోరిక కాదనే స్థితిలో ఎవరూ లేరు. మూడో వరుసలో కుటుంబమంతా కూర్చుంది, తాత చేతిలో మిక్చరు పొట్లంతో సహా.

తాత చెప్పిన మాటలు నా వేషంలో కలుపుకోవడానికి మాస్టారు ఒప్పుకున్నారు. తెల్ల విగ్గుతో మంచం మీద పడుకుని, ఒక్క దగ్గు కూడా లేకుండా మొదలుపెట్టాను. "ఇంకో నెల రోజులే. కొత్తావకాయ కలిపిన వేడన్నం, మీద గరిటెడు నెయ్యి..."

మూడో వరుసలో కుర్చీ కిర్రుమంది. అంజమ్మ పిన్ని లేచి నిలబడింది.

"ఒరేయ్ శీనూ, అవి మా మామయ్య మాటలు. నెల రోజులన్న దగ్గర్నుంచి కిటికీలోంచి విన్నా. అదంతా నాటకమా?"

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. "నాటకమే పిన్నీ."

"మరి రిపోర్టు?"

"రిపోర్టు బాగుంది. తాతకి ఏమీ లేదు."

జనం చప్పట్లు కొట్టారు. ఇదీ నాటకంలో భాగమే అనుకున్నారు. తెర పక్క నుంచి మాస్టారు పళ్లు కొరుకుతూ, "పడుకోరా, ఇంకో రెండు నిమిషాల్లో పోవాలి నువ్వు" అంటున్నారు.

"పిన్ని కూర్చుంటే పోతాను మాస్టారూ."

"నువ్వు పోకపోతే నేనే పంపిస్తా" అంది పిన్ని. మళ్లీ చప్పట్లు.

అప్పుడు ఆమె తాత వైపు తిరిగింది. "మీకు తెలుసా మామయ్యా?"

"తెలుసు" అన్నాడు తాత, మిక్చరు నములుతూ.

"మరి చెప్పలేదేంది?"

"ఎవరడిగారు? అందరూ తినమన్నారు, తిన్నా."

"అడిగితే నేను పెట్టనా?"

తాత పొట్లం మడిచాడు. "ఏడాదిగా అడగతానే ఉన్నా గదమ్మా."

అంజమ్మ పిన్ని మెల్లగా కూర్చుంది. "మీకేమన్నా అవుద్దేమోనని నా భయం" అంది చిన్నగా. తాత ఆమె చేతిలో మిక్చరు పోశాడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది. ఇక నేను పోయాను. మా ఊళ్లో ఎవరూ అంత హాయిగా పోయి ఉండరు.

మర్నాడు క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్లాను. పిన్ని నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, మర్చిపోయి కాదు. తిట్టడం అయ్యాక అన్నం పెట్టింది. ఆదివారాలు తాతకు ఆవకాయ ముద్ద ఒకటి, టీలో పంచదార ఒక చెంచా అని ఒప్పందం కుదిరిందట. బయటికి వస్తుంటే తాత చెయ్యి ఊపి దగ్గరికి పిలిచాడు. వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"వచ్చే ఎండాకాలం గూడా నాటకాలుంటయ్యా?"

"ఉంటాయి తాతా."

"అయితే ఈసారి రెండు నెలలని చెప్పు. నెల చాల్లేదు."

ఆ క్షణమే, ఆ అరుగు మెట్టు మీదే, తూర్పు దిక్కుకు తిరిగి ప్రమాణం చేశాను. డెబ్బై దాటిన ఏ మనిషితోనూ ఎండల గురించీ, కరెంటు కోతల గురించీ తప్ప ఈ జన్మలో మాట్లాడను. ఎవరి కోడలైనా గేటు దగ్గర ఆపి "ఎన్నాళ్లు" అని అడిగితే, దేనికని ముందు అడిగి, ఆ తర్వాతే నోరు తెరుస్తాను.