సుగుణక్క ఆశించింది

పక్కింట్లో చింతచిగురు వేసి రొయ్యలు వండుతున్నారు. ఆ పులుపు వాసన కిటికీలోంచి రాగానే, రాజమండ్రిలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే రామచంద్రపురంలో మా సుగుణక్క వంటింట్లోకి వెళ్ళిపోయాను. అక్క నాకంటే పదహారేళ్ళు పెద్దది. అమ్మ పోయాక తనే నన్ను పెంచింది, తను పాఠాలు చెప్పే బళ్ళోనే నాకు అక్షరాలు దిద్దించింది. పెళ్ళి చేసుకోలేదు. నా కిడ్నీలు పాడైనప్పుడు తన కిడ్నీ ఒకటి నాకిచ్చింది. ఆమె గురించి చర్చిలో నేను చెప్పిన ఒక అబద్ధాన్ని ఇప్పుడైనా సరిదిద్దాలి.

ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రి కమిటీ వాళ్ళు మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఆమెను అడిగారు. "ఏమైనా ఆశించి ఇస్తున్నారామ్మా?"

"ఆశించేనండి," అంది అక్క. ప్రతిఫలం ఉందంటే కమిటీ ఒప్పుకోదని నేను ఆమె మోచెయ్యి గిల్లాను. "రిటైరయ్యాక ఒక్కదాన్నే తినలేకపోతున్నానండి. వీడు బతికితే ప్రతి ఆదివారం వచ్చి నాతో కూర్చుని భోంచేస్తాడు. అదీ నా స్వార్థం."

వాళ్ళు నవ్వి ఒప్పుకున్నారు. బయటికొచ్చాక, "వస్తావు కదరా?" అంది.

"చచ్చినా వస్తానక్కా."

"చచ్చి రావడానికైతే నా కిడ్నీ ఎందుకురా, దండగ!"

కోలుకున్నాక మా ఊరి చర్చిలో లేచి నిలబడి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడం మా ఆనవాయితీ. "మా అక్క ఏమీ ఆశించకుండా ఇచ్చింది," అన్నాను. అందరూ "స్తోత్రం" అన్నారు. పాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. అక్క మాత్రం ముసుగు సవరించుకుని తల దించుకుంది.

"అలా ఎందుకన్నావురా?" అని చర్చి గుమ్మం దగ్గర అడిగింది.

"నీ గొప్పతనం చెప్పానక్కా."

"గొప్పదాన్ని చేసేస్తే ఇంటికి రానక్కర్లేదనా?"

నవ్వేశాను గానీ, ఆమె నన్ను సరిగ్గానే పట్టుకుంది. నాలుగు ఆదివారాలు వెళ్ళాను. తరవాత ఆఫీసు పని, ఎండ, బస్సు. ఏమీ ఆశించని మనిషికి నేను వెళ్ళకపోతే లోటేముందని నాకు నేనే చెప్పుకున్నాను. ఊరంతా త్యాగమూర్తి అంటుంటే ఆమె మాత్రం నోరు తెరిచి ఏం అడుగుతుంది? మొదట్లో ఫోన్ చేసి, "ఈ వారం వస్తావా?" అనేది. కొన్నాళ్ళకు, "ఏం లేదురా, ఊరికే చేశాను," అనడం మొదలుపెట్టింది. ఆ మాట వింటే నాకు హాయిగా ఉండేది.

నిరుడు గుండెపోటుతో పోయింది. సంస్మరణ కూటంలో అందరూ నేనన్న మాటే అన్నారు. నేను నోరెత్తలేదు. ఇప్పుడు సమాధి రాయి మీద అదే చెక్కిస్తామంటున్నారు పాస్టరుగారు. వద్దండీ, ఆమె ఆశించింది, నేనే ఇవ్వలేదని ఆయనకు ఉత్తరం రాశాను.

కుడివైపు పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే అక్క కిడ్నీ గట్టిగా తగులుతుంది. బాగా పనిచేస్తోందంటారు డాక్టరుగారు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా వెంటనే అక్కకు ఫోన్ చేయాలనిపిస్తుంది. ఈ ఆదివారం వస్తున్నాను, నాకూ కలిపి బియ్యం పొయ్యి అని చెప్పాలనిపిస్తుంది.