సంచికి కట్టిన ఎర్ర దారాలు

ఆ రోజు చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. నాలుగు టమాటా పండ్లకు గుర్తుగా కట్టిన ఎర్ర ఊలు దారాలు విప్పి, తెగిన సంచికి కట్టాను. వినడానికి ఇంతే. ఎవరి కష్టం విప్పానో తర్వాత తెలిసింది.

అసలు ఈ ప్రయాణం మా బామ్మర్ది సత్యం చేయాల్సింది. తల్లాడలో ఉంటాడు. విత్తనాల కంపెనీ ఉద్యోగం మానేసి, టమాటాలకు పెళ్లి సంబంధాలు కుదురుస్తున్నాడు. మే నెల ఎండకు మన దగ్గర టమాటా పూత రాలిపోతుంది. భద్రాచలం అవతలి గూడెంలో ముత్తమ్మ అనే కోయ రైతు దగ్గరున్న రకం మాత్రం ఆ ఎండలోనూ కాస్తుంది. కానీ కాయ నిమ్మకాయంతే. దాని పూతకు తన పెద్దకాయ రకం పుప్పొడి అద్దితే, ఎండకు ఆగి బుట్ట నింపే సంకరం పుడుతుందని సత్యం ఆశ. మొగ్గ విచ్చకముందే పట్టకారు లాంటి చిన్న చిమటాతో లోపలి పుప్పొడి గొట్టం తీసేయడం, మర్నాడు పొద్దున్నే సత్యం పంపిన పుప్పొడి అద్దడం, దారం కట్టడం, అంతా ముత్తమ్మే చేసింది. కుదిరితే మొదటి విత్తనం ఆమెకే. ఎండాకాలం సంతలో ఎవరి దగ్గరా టమాటా లేనప్పుడు ఆమె దగ్గర ఉంటుంది.

సత్యం కాలు బెణికింది. "దారం కట్టిన పండ్లు తెచ్చియ్యి బావా, గంతే పని" అన్నాడు.

"టమాటాలు తెచ్చుడుకు నాకు ట్రైనింగ్ కావాల్నా?" అన్నాను.

ఖమ్మంలో తెల్లవారుజాము బస్సు ఎక్కాను. మీరు వెళ్తే ఎడమవైపు కూర్చోండి, ఎండ కుడివైపు కొడుతుంది. నేను కుడివైపు కూర్చున్నాను. వైరా దాటాక పక్కనున్న పెద్దాయన అడిగాడు.

"ఎటు సార్, రాములోరి దర్శనానికా?"

"కాదు, టమాటాల కోసం."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఖమ్మంల దొర్కుతలేవా?"

కొత్తగూడెం బస్టాండు బయట ఇడ్లీ తిన్నాను, బాగుంది. పాల్వంచ దాటాక వేడిగాలి మొదలైంది. వంతెన మీదినుంచి చూస్తే గోదావరిలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. భద్రాచలం నుంచి షేర్ ఆటో. గూడెం చేరేసరికి పదకొండు దాటింది.

ముత్తమ్మ తడిగుడ్డ నెత్తిన వేసుకుని సాళ్ల మధ్య నిలబడి ఉంది.

"గిన్ని పూలకు అద్దిన అన్నా, నాలుగే నిలిచినయి" అని దారాలున్న పండ్లు కోసి ఇచ్చింది. అవే మొక్కల మీద, దారం లేని పండ్లు ఇంకో ఏడు కోసి సంచిలో వేసింది. "ఇవి వదినెకు, పప్పుల ఏసుకోండ్రి. కలిపిన పండు గుడ తల్లి లెక్కనే ఉంటది. తేడా గింజల ఉంటది. దారం పైలం."

"నాకు తెల్వదా ముత్తమ్మా" అన్నాను. నిజంగానే తెలుసనుకున్నాను.

భద్రాచలంలో భోజనం చేసి బస్సెక్కుతుంటే ఆ తోపులాటలో సంచి చెయ్యి పుటుక్కున తెగింది. కట్టడానికి తాడు కావాలి. చూస్తే సంచిలోనే నాలుగు మంచి దారాలు! ఊలు దారం గట్టిగా ఉంటుంది కదా అని నా తెలివికి నేనే మురిసిపోయి, నాలుగూ పేని కట్టేశాను. అక్కడితో ఆగానా? తొడిమలు గుచ్చుకుని పండ్లు పగులుతాయని అన్నీ గిల్లి కిటికీలోంచి పారేశాను. మా ఇంట్లో నాకు శుభ్రమైన మనిషినని పేరు.

పక్క సీట్లో కొత్తగూడెం బొగ్గు కార్మికుల క్వార్టర్లలో ఉండే సరోజన అనే ఆమె తాటిముంజలు చేతిలో పెట్టింది. ఊరికే తినడం బాగోదని రెండు టమాటాలు ఇచ్చాను. ఆమె కొత్తగూడెంలో దిగిపోయింది.

జూలూరుపాడు దగ్గర సత్యం ఫోన్.

"బావా, దారాలు ఊడకుంట చూస్తున్నవా?"

నేను సంచి వంక చూశాను. దారాలు ఊడలేదు. బ్రహ్మాండంగా ఉన్నాయి.

చెప్పాను. సత్యం నెమ్మదిగా అన్నాడు: "ఏ పండు గింజలు ఆ పండువే వేరుగా మొలిపిస్తే తెలుస్తది. తల్లి మొక్కకు ఆలుగడ్డ ఆకు లెక్క వెడల్పాకు. కలిసినదైతే చీలికలాకు వస్తది. కానీ ఒక్కటి గుడ పోవద్దు బావా. రెండు ఎవరికిచ్చినవ్?"

దిగి, ఎదురుగా వచ్చిన బస్సెక్కి కొత్తగూడెం వచ్చాను. నీళ్ల ట్యాంకు పక్క గల్లీ అని ఆమె చెప్పిన మాట గుర్తుంది. ముంజలు తెచ్చినామె ఇల్లేది అని అడుగుతూ పోతే, నా వెనక నలుగురు బయల్దేరారు.

సరోజన తలుపు తీసింది. "ఏందన్నా, ఇంకిన్ని ముంజలు కావాల్నా?"

"నేనిచ్చిన టమాటాలు..."

"ఇచ్చినయి మల్ల అడుగుతున్నవా?"

లోపలినుంచి ఆమె భర్త అందుకున్నాడు. "ఇచ్చెయ్యే, పాపం ఎంత దూరం నుంచి వచ్చిండో!"

అప్పుడే కుక్కర్ కూత వేసింది. ఒకటి అందులో ఉంది. రెండోది తొట్టిలో నీళ్లలో తేలుతోంది. దాన్ని తుడిచి నా చేతిలో పెట్టింది. "దేవునికి మొక్కినవా అన్నా దీన్ని?" అంది.

బస్టాండులో నిలబడి ఆలోచించాను. తల్లాడ బస్సు సిద్ధంగా ఉంది. ఇంటికి పోయి ముత్తమ్మకు ఫోన్‌లో ఏదో ఒకటి చెప్పేయొచ్చు. అలా సర్దిచెప్పడం నాకు బాగా అలవాటు. సిగ్గేసింది. భద్రాచలం బస్సెక్కాను.

రాత్రి లాడ్జిలో ఉండి, పొద్దున్నే గూడెం వెళ్లాను. ముత్తమ్మ మొత్తం వింది. మొక్కల వంక చూసింది.

"ఎండల నడుమొంచింది నేను. సంచి కట్టుకున్నది నువ్వు."

"తప్పయింది ముత్తమ్మా."

"తప్పయింది గదా. కూసో మరి. ఇంకిన్ని పూలున్నయి."

చిమటా చేతికిచ్చింది. మొదటి మొగ్గ మెడ విరిచాను. రెండోదీ అంతే. "నీకు పెండ్లి చేసుడు రాదు గానీ, దారాలు కట్టు. అది బాగొస్తది నీకు" అంది. ఎండ ముదిరేదాకా ఆమె వెనక దారాలు కడుతూ నడిచాను. ఆ పూలు ఎండకు నిలుస్తాయో లేదో ఎవరికీ తెలియదు. నా నడుము మాత్రం ఆ సాయంత్రానికే నిలవలేదు.

తిరుగు బస్సులో పండ్లన్నీ విడివిడిగా పేపర్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. పక్కనామె నాకు మామిడి ముక్కలు పెట్టింది. తిన్నాను, తిరిగి ఏమీ ఇవ్వలేదు. ఆమె మొహం తిప్పుకుంది. ఈ దారిలో నేను నేర్చుకున్నది అదే: ఇక్కడి మనుషులు అడగకుండానే పెడతారు, కాబట్టి మన చేతిలో ఉన్నది ఎవరిదో మనకు తెలిసి ఉండాలి.

తల్లాడలో సత్యం గింజలు పిసికి, కడిగి, ఆరబెట్టి ఇచ్చాడు. పది పండ్లవి పది గ్లాసుల్లో మా డాబా మీద నేనే పోశాను, రెండు పూటలా నేనే నీళ్లు పెట్టాను. ఆకులు విచ్చుకోగానే ముత్తమ్మకు ఫోన్ చేశాను.

"మూడు గ్లాసుల్ల చీలికలాకు వచ్చింది ముత్తమ్మా. ఆ మూడూ నీయే. నారు నేనే తెస్త."

"మరి నాలుగోది?"

"కొత్తగూడెంల... పప్పుల."

ముత్తమ్మ అడిగింది.

"రుచిగుండెనంటనా?"