లేని కడ్డీ

మా మామగారు ముప్ఫై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరు. ఎంత గతుకుల రోడ్డయినా ఒక్కసారీ తూలి ఎరగరు. రిటైరయ్యాక మాత్రం ఇంట్లో చదునైన గచ్చు మీద రెండుసార్లు పడ్డారు. కాళ్లకు పట్టు వస్తుందని బతిమాలి పార్కులో తాయ్ చీ అనే చైనా వ్యాయామం క్లాసులో చేర్పించాను.

"నడుం నిటారుగా పెట్టి, మోకాళ్లు కాస్త వంచండి. బరువంతా ఎడమకాలి మీదికి తెచ్చాకే కుడిపాదం లేపండి," అంది టీచరు.

బరువు మారేలోపే ఆయన కుడిచెయ్యి దానంతటదే పైకి లేచి, బస్సు కడ్డీ కోసం గాలిలో వెతికింది. ఆయన తూలారు. నెల రోజులుగా ఇదే తంతు.

"చెయ్యి దించండి బాబాయిగారూ, నేల ఎక్కడికీ పోదు."

"అదేనమ్మా నా ఖర్మ," అన్నారాయన, ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని. "నేల కాస్త కదిలితే నిలబడేవాణ్ణి."