అద్దం నుంచి బల్లదాకా

ఆ టైలరు షాపులో అద్దం దగ్గర కొలతలు తీసుకుని కత్తెర బల్ల చేరాలంటే పన్నెండు అడుగులు వేయాలి. కటింగు మాస్టరు ముప్పై ఒక్కేళ్లుగా ఆ పన్నెండు అడుగులూ పెదాలు కదుపుతూనే నడిచాడు. కాగితం లేదు, పెన్సిలు లేదు. ఓనరు బయట బోర్డు మీద రాయించింది కూడా అదే: మా మాస్టరు రాసుకోడు, రెండోసారి కొలవడు. కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు ఎంతమందో, ఈ వింత చూడ్డానికి వచ్చేవాళ్లూ అంతమంది. వాన వెలిసిన ప్రతిసారీ మాస్టరే స్టూలెక్కి ఆ బోర్డు తుడిచేవాడు.

చూసేవాళ్లకి అదంతా గారడీ. లోపలి తిప్పలు ఆయనకే తెలుసు. కొలతల్ని విడివిడిగా మోయలేడు. పొడవూ భుజమూ ఒక మూట, ఛాతీ నడుమూ ఇంకో మూట, చెయ్యి ఒక్కటే విడిగా. గొణుక్కుంటూ బల్ల చేరి, గుడ్డ మీద సుద్దగీత పడగానే అన్నీ వదిలేసేవాడు. సాయంత్రం ఇంట్లో అడిగితే ఒక్క అంకె చెప్పలేడు. "బుర్రంతా షాపులోనే పారబోసి వస్తారు కాబోలు, ఇంటికి చారెడు కూడా మిగల్చరు" అని భార్య ఎత్తిపొడిచేది.

ఒకరోజు మనసు గురించి పాఠాలు చెప్పే కాలేజీ మేడం కోటు కుట్టించుకోవడానికి వచ్చింది. ఆ గొణుగుడు విని ముచ్చటపడి ఓనరుకి విడమరిచి చెప్పింది.

"ఇది దాచుకునే జ్ఞాపకం కాదండీ, పని జ్ఞాపకం. పనవుతున్నంతసేపే పట్టుకుంటుంది. చోటు బహు తక్కువ, మూడో నాలుగో పడతాయంతే. అందుకే ఆయన మూటలు కడుతున్నారు. మళ్లీ మళ్లీ అనుకుంటూ ఉంటేనే నిలుస్తుంది. మధ్యలో ఆయనచేత ఇంకేమన్నా మాట్లాడించారనుకోండి, అందులోనూ అంకెలు, జారిపోతుంది. ఎవరికైనా అంతే, తెలివితక్కువేం కాదు."

"అబ్బో" అన్నాడు ఓనరు.

పక్కనే ఇస్త్రీ బల్ల దగ్గర ఓనరు బామ్మర్ది ఉన్నాడు. నలభై ఏళ్లొచ్చినా కత్తెర తన చేతికి రాలేదని కుమిలిపోయే మనిషి. ఆయన చేతిలో ఇస్త్రీపెట్టె కాసేపు ఆగిపోయింది.

మర్నాటి నుంచి బామ్మర్ది, మాస్టరు నాలుగో అడుగులో ఉండగా ఎదురొచ్చి, "మాస్టారూ, టైమెంతయింది?" అని ఎంతో మర్యాదగా అడగడం మొదలుపెట్టాడు. మాస్టరు తలూపి దాటిపోయేవాడు.

"చూశారా, పలకరిస్తే పలకరు. బోర్డెక్కాక మనం ఆయన కంటికి ఆనతామా?" అనేవాడు కస్టమర్ల ముందే.

ఓనరు మాస్టర్ని పక్కకి పిలిచాడు. "మా ఇంటి మనిషి. అడిగినదానికి ఒక ముక్క చెబితే మీ నోటి ముత్యాలు రాలిపోతాయా?" మేడం చెప్పింది ఓనరూ విన్నాడు. విని కూడా అన్నాడు.

ఆ వారమే ఒక వకీలు, చనిపోయిన తండ్రి బీరువాలో దాచిన గుడ్డ పట్టుకొచ్చాడు. మళ్లీ ఎక్కడా దొరకని గుడ్డ. మనిషి పొడుగు, చేతులు మరీ పొడుగు. మాస్టరు కొలిచి బయల్దేరాడు. ఆరో అడుగులో బామ్మర్ది.

"మాస్టారూ, మీ ఇంటి నంబరెంత? ఏదో ఉత్తరం వచ్చింది."

"ఇరవై రెండు."

"ఫోను నంబరు?"

మాస్టరు అదీ చెప్పాడు. బల్ల దగ్గర నిలబడి లోపల తడుముకుంటే రెండు మూటలూ దొరికాయి. చెయ్యి ఉండాల్సిన చోట ఇరవై రెండు కూర్చుని ఉంది. నమ్మకం కుదరలేదు. టేపు మెడలోనే ఉంది, వకీలు అద్దం ముందే ఉన్నాడు, వెనక్కి పన్నెండు అడుగులు వేస్తే సరిపోయేది. కానీ నలుగురు కస్టమర్లు కళ్లప్పగించి చూస్తున్నారు.

"ఏం మాస్టారూ, మళ్లీ కొలుస్తారా?" అన్నాడు బామ్మర్ది.

మాస్టరు కత్తెర తీశాడు.

ట్రయలు రోజున వకీలు చెయ్యి చాపితే మణికట్టు రెండున్నర అంగుళాలు బయటికొచ్చింది. "ఇది నాకా, మా అబ్బాయికా?" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

"మధ్యలో ఈయన నంబర్లు అడిగారండీ" అన్నాడు మాస్టరు.

"ఇల్లెక్కడని అడగడం కూడా తప్పేనా బావా?"

ఓనరు నిట్టూర్చాడు. "మేడం ఊరికే అనలేదు మాస్టారూ. చోటు తక్కువ. వయసుతో ఇంకా తగ్గినట్టుంది. రేపట్నుంచి కాజాలు కుట్టండి."

బోర్డు అలాగే ఉంది. దాని కింద ఇప్పుడు బామ్మర్ది, అరచేతిలో పెన్నుతో కొలతలు గీసుకుని, ఆ చెయ్యి జేబులో పెట్టుకుని నడుస్తాడు. జనం ఆశ్చర్యపోతూనే ఉన్నారు. మాస్టరు మూల స్టూలు మీద కాజాలు కుడుతుంటాడు. అద్దం దగ్గర అంకె వినిపిస్తే చాలు, పెదాలు వాటంతటవే కదులుతాయి. ఒకసారి చెమటకి సిరా అలుక్కుపోతే బామ్మర్ది మూలకొచ్చి, "చెయ్యెంత మాస్టారూ?" అని గొంతు తగ్గించి అడిగాడు. మాస్టరు చెప్పాడు. ఆ కోటు అతికినట్టు కుదిరింది.

ఆ సాయంత్రమే బామ్మర్ది గుండుసూదుల డబ్బా తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు. "మీ గొణుగుడు చూసి కస్టమర్లు నవ్వుతున్నారు. ఇవి పెదాల మధ్య పెట్టుకోండి."

పది రోజులకి మళ్లీ సిరా అలుక్కుపోయింది. బామ్మర్ది మూలకి పరిగెత్తాడు. మాస్టరు పెదాల మధ్య నుంచి ఆరు సూదులూ ఒక్కొక్కటే తీసి, "తెలీదండీ" అన్నాడు. నిజంగానే తెలీదు. సూదులు కరుచుకున్న నోటితో ఏం అనుకోగలడు? బామ్మర్ది జనం వైపు చూసి, తోచినట్టు కోసేశాడు.

ట్రయల్లో ఆ కోటు చేతులు వేళ్లదాకా దిగాయి. కస్టమరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"మావాడి పని కాదండీ" అన్నాడు ఓనరు. "మా పాత మాస్టరు కోశారు. వయసైపోయింది, ఏం చేస్తాం. రేపట్నుంచి రావద్దని చెప్పేశాం."

అందరూ మూలకి తిరిగారు. మాస్టరు లేచి నిలబడ్డాడు, నోట్లో ఆరు సూదులతో.